పగడానికి బొట్టు

పిల్లల పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చునే ఉద్యోగం నాది. కార్ఖానా అనే ఏరియాలో, రెండో అంతస్తు. లిఫ్టు ఉంది గానీ దాన్ని నమ్ముకుంటే ఆ రోజు పని అయినట్టే. బోయిన్‌పల్లి నుంచి రోజూ షేర్ ఆటోలో వస్తాను. పొద్దున పూట మార్కెట్ నుంచి వెళ్లే కూరగాయల లారీ ఒక్కటి రోడ్డుకి అడ్డం తిరిగిందంటే అరగంట అక్కడే పోతుంది. క్లినిక్ తాళం తీసేసరికే నాలో సగం ప్రాణం ఉండదు. ఆ తరవాత సాయంత్రం దాకా ఏడ్చే పిల్లలు, వాళ్లకంటే ఎక్కువ కంగారుపడే తల్లులు, "ఇంకా ఎంతసేపండీ" అని పది నిమిషాలకోసారి అడిగే తండ్రులు. నాకు నలభై తొమ్మిదేళ్లు. అలసిపోయానని ఎవరితోనైనా అంటే, ఏసీలో కూర్చునేదానివి నీకేం అంటారు. మా ఇంట్లో ఆయనా అదే అంటారు. నడుము పట్టేసి ఆయన మూడేళ్లుగా ఇంట్లోనే ఉన్నారు. నెల తిరిగేసరికి జీతం తెచ్చేది నేనొక్కదాన్నే, అందుకని ఆ ఏసీని వదల్లేదు.

క్లినిక్ వెయిటింగ్ హాలుకి ఉన్న ఒక్క అందం ఫిష్ ట్యాంకు. నాలుగడుగుల పొడవు, లోపల ఉప్పునీళ్లు, నాలుగు చేపలు. తెల్ల చారలున్న నారింజ రంగువి రెండు, పసుప్పచ్చది ఒకటి, నీలంది ఒకటి. సముద్రపు చేపలకి మన కుళాయి నీళ్లూ పనికిరావు, మన వంటింటి ఉప్పూ పనికిరాదు. వాటికి వేరే ఉప్పు, శుద్ధి చేసిన నీళ్లు, నీళ్లలో ఉప్పు ఎంతుందో చూసే కొలత, అదో పెద్ద సంసారం. ఆ సంసారం చూసుకోవడానికి బొల్లారం నుంచి ఒకతను వారానికి రెండుసార్లు స్కూటర్ మీద వచ్చేవాడు. నేను అతన్ని అన్నా అనేదాన్ని, అతను నన్ను అక్కా అనేవాడు. ఇద్దరిలో ఎవరు పెద్దో ఎప్పుడూ తేల్చుకోలేదు. తేల్చుకుంటే ఎవరికో ఒకరికి నష్టం.

ఆ ట్యాంకులో మధ్యన అలంకారానికి తెల్లటి పగడపు దిబ్బ లాంటిది ఒకటి ఉండేది. కొత్తలో బాగానే ఉండేదట. నేను చేరేసరికే దాని మీద గోధుమరంగు పాచి కట్టింది. అతను ఎన్నిసార్లు బ్రష్‌తో రుద్దినా నెల తిరక్కుండా మళ్లీ అదే రంగు. ఒకరోజు ఒక పిల్లవాడు దాన్ని చూపించి, "అమ్మా, దానికి పళ్లు పుచ్చిపోయినయి" అన్నాడు. హాలంతా నవ్వింది. లోపల మా డాక్టరమ్మ విన్నది గానీ నవ్వలేదు.

సాయంత్రం నన్ను పిలిచి, "అది పాచిపట్టిన దవడలా ఉందండీ. బ్రష్ చేసుకోండని చెప్పే చోట ఇదేంటి? కొత్తది ఏదైనా బ్రైట్‌గా ఉండేది చూసి పెట్టించండి" అంది. ఆవిడది విజయవాడ వైపు, నాకంటే పదేళ్లు చిన్నది, చేతిలో మంచి పనితనం ఉంది. ఏ పనైనా ఒకసారి చెప్తుంది, తరవాత మర్చిపోతుంది. గుర్తు పెట్టుకోవడం మన వంతు.

అలా పగడం ఎంచే బాధ్యత నా నెత్తిన పడింది. నాకు తెలిసిన పగడం ఒక్కటే, మా ఆయన వేలికున్న ఉంగరంలోది. కుజుడు బాగాలేడని ఎవరో చెప్తే పెట్టుకున్నారు. పెట్టుకున్న ఏడాదికి నడుము పట్టేసింది. కుజుడు శాంతించాడో ఇంకా రెచ్చిపోయాడో ఆ చెప్పినవాడే చెప్పాలి.

చేపలన్నతో కలిసి మధ్యాహ్నం భోజనాల టైములో మోండా మార్కెట్ దగ్గర సందులో ఉన్న షాపుకి వెళ్లాను. మెట్ల మీద నుంచి పైకప్పు దాకా పేర్చిన ట్యాంకులు, మోటార్ల గుర్రుమనే చప్పుడు, తడి వాసన. వెనక గదిలో అరల నిండా అలంకారపు పగడాలు. గులాబీ, ఊదా, ఆకుపచ్చ, ఒకటైతే రాత్రి వెలుగుతుందట. చూసీ చూడగానే నాకు కళ్లు తిరిగాయి. చీరల కొట్టులో కూడా అంతే నేను, రెండు చూపిస్తే ఎంచుకుంటాను, ఇరవై చూపిస్తే కూర్చోవడానికి కుర్చీ అడుగుతాను.

"ఇవన్నీ అసలువేనా అన్నా?" అని అడిగాను.

"అసలుది అమ్మితే జైలే అక్కా. సముద్రంల ఉన్నది సముద్రంలనే ఉండాలె. గివన్నీ రెజిన్‌తోటి, ప్లాస్టిక్ లెక్క అచ్చుల పోసినయి," అన్నాడు.

ఎంచడం అతని దగ్గర చూడాలి. ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని మొదట వాసన చూశాడు. రంగు వాసన వస్తే పక్కన పెట్టేశాడు. తరవాత అడుగున ఎవరికీ కనపడని చోట గోటితో గీశాడు. ఆ తరవాత సంచిలోంచి చిన్న సీసా తీసి, అందులో తను తెచ్చుకున్న ఉప్పునీళ్లతో తెల్ల గుడ్డ తడిపి గట్టిగా రుద్దాడు. గుడ్డకి రంగు అంటిందంటే ఇక దాని మొహం చూడలేదు. షాపువాడు ముఖం ముడుచుకున్నాడు. అలా ఐదో ఆరో తీసేశాక రెండు మిగిలాయి. ఒకటి వెలిసిపోయిన గులాబీ రంగులో, నిండా బొక్కలతో, దిబ్బలా కూర్చుని ఉంది. రెండోది ఎర్రది. కొమ్మలు కొమ్మలుగా, చిన్న చెట్టులా, నిండు కుంకుమ రంగు.

"గిది తీసుకుందాం అక్కా," అన్నాడు గులాబీది చూపించి. "చేపలు బుగులువడితే దాక్కోనీకి బొక్కలుండాలె. పిల్లలు అద్దం మీద కొడ్తుంటరు గదా."

"మేడమ్ బ్రైట్‌గా ఉండాలన్నది. ఎర్రదే బాగుంది," అన్నాను. మేడమ్‌ని అడ్డం పెట్టుకున్నాను గానీ ఆ ఎర్రది కావాలనిపించింది నాకే. నాలుగేళ్లుగా ఆ కౌంటర్ వెనక కూర్చుని రోజుకి పది గంటలు నేను చూసేది ఎదురుగా ఉన్న ఆ ట్యాంకునే. నాకంటూ ఎంచుకున్న వస్తువు ఆ క్లినిక్‌లో ఇంకొకటి లేదు.

అతను కాసేపు దాన్నీ నన్నూ చూశాడు. "సరే అక్కా. గానీ వారం రోజులు బకెట్ల నానవెట్టాలె. రంగు దిగలేదంటేనే ట్యాంకులకు. రంగు దిగితె నేనే తెచ్చి వాపస్ చేస్త," అన్నాడు.

తెల్ల బకెట్లో ఉప్పునీళ్లు కలిపి, పగడాన్ని అందులో ముంచి, లోపలి గది మూల పెట్టాడు. నన్ను రోజూ చూడమన్నాడు. చూశాను. వారం అయ్యాక వచ్చి, నీళ్లు గ్లాసులోకి తీసి, వెలుతురుకి ఎత్తి చూసి, తెల్ల కాగితం మీద ఒలకబోసి ఆరనిచ్చి చూశాడు. ఏ రంగూ లేదు. "పాసయ్యింది," అని నవ్వాడు. మర్నాడు ఆయుధపూజ, తరవాత దసరా, ఆ పైన ఆదివారం. "పండగ అయినంక నేనే వచ్చి పెడ్త. అప్పటిదాంక జెర చెయ్యి పెట్టకుండ్రి అక్కా," అని చెప్పి వెళ్లాడు.

ఆయుధపూజ రోజు మధ్యాహ్నానికల్లా క్లినిక్ మూసేస్తాం. పూజ చేసేది ఎప్పుడూ నేనే. డాక్టరమ్మ హారతి తీసుకుని, స్వీట్ డబ్బాలు పంచి ఊరికి బయల్దేరింది. నేను మిగతా పని అందుకున్నాను. పేషెంట్ కుర్చీకి బొట్టు, పళ్లు తొలిచే మిషన్‌కి బొట్టు, కంప్యూటర్‌కి, ప్రింటర్‌కి, టెలిఫోన్‌కి, ట్యాంకు అద్దానికి కూడా బొట్టు. అంతా అయ్యాక లోపలి గదిలో బకెట్ కనిపించింది.

మా ఇంట్లో కొత్త చీపురుకైనా పసుపు కుంకుమ పెట్టకుండా వాడరు. కొత్త గ్యాసు పొయ్యికి, కొత్త చెప్పుల స్టాండుకి కూడా మా అత్తగారు బొట్టు పెట్టించేది. నేను పట్టుబట్టి ఎంచుకున్న వస్తువు, అందులో ఆయుధపూజ రోజు, దాన్ని బొట్టు లేకుండా బకెట్లో ఎలా వదిలేస్తాను? బయటికి తీసి తుడిచాను. పసుపు నీళ్లతో కలిపి కొమ్మ కొమ్మకీ రాశాను. దాని మీద కుంకుమ. ఎర్రటి పగడం మీద ఎర్రటి బొట్టు కనిపించదు కాబట్టి పసుపు కాస్త దిట్టంగానే పెట్టాను. దణ్ణం పెట్టుకున్నాను. ఎందుకో ఆ కాసేపు నాకు అలసట తెలియలేదు.

ఆ తరవాత మళ్లీ బకెట్లో పెడదామనుకుని ఆగాను. మంచి రోజు, మంచి ఘడియ, ఇప్పుడే ట్యాంకులో పెట్టేస్తే పోతుంది కదా అనిపించింది. అతనికీ ఒక పని తగ్గుతుంది, సోమవారం మేడమ్ వచ్చి చూసి సంతోషిస్తుంది. అతను చెయ్యి పెట్టొద్దన్నది నాకు గుర్తుంది. బరువు మోయొద్దని అన్నాడేమోనని సర్దిచెప్పుకున్నాను. కుళాయి కింద పెట్టి కడిగాను, గుడ్డతో తుడిచాను, ట్యాంకు మూత ఎత్తి మెల్లగా దించాను. చేపలు ఒక మూలకి పారిపోయి, కాసేపటికి దగ్గరికొచ్చి చూశాయి. చాలా అందంగా ఉంది. తాళం వేసుకుని ఇంటికి వెళ్లిపోయాను.

సోమవారం తలుపు తియ్యగానే వాసన. నీళ్లు పలచటి టీ రంగులో ఉన్నాయి. నారింజ చేపలు రెండూ, పసుప్పచ్చదీ పైన తేలుతున్నాయి. నీలంది ఒక్కటే అడుగున, మోటారు గొట్టం వెనక దూరి, మొప్పలు ఎగరేస్తూ ఊపిరి పీలుస్తోంది. పగడం కొమ్మల కలయికల్లో, సన్నటి గీతల్లో పసుపు అలాగే ఉంది. నేను కడిగాననుకున్నది పైపైన కడిగాను. చేసింది నేనేనని అక్కడే, అప్పుడే నాకు తెలిసిపోయింది. తెలియలేదని ఎప్పుడూ అనుకోలేదు.

డాక్టరమ్మ వచ్చి చూసింది. "చూశారా, చవక రంగు. పూర్తిగా దిగిపోయింది. అతన్ని పిలవండి," అంది. పగడాన్ని ఎవరు ట్యాంకులో పెట్టారని అడగలేదు. పెట్టేది అతనే కదా. నేను ఫోన్ చేసి రమ్మన్నాను. ఎందుకని అడిగితే, "చేపలు చనిపోయినయి అన్నా" అన్నాను. వెంటనే ఫోన్ పెట్టేశాను.

అతను బొల్లారం నుంచి ముప్పావుగంటలో వచ్చాడు. పగడం ట్యాంకులో ఉండటం చూసి ఒక్క క్షణం ఆగాడు. చెయ్యి ముంచి బయటికి తీశాడు. రెండు కొమ్మలు కలిసే చోట గోరు పెట్టి గీకి, వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అప్పుడు తలెత్తి నా వైపు చూశాడు.

సరిగ్గా అప్పుడే కౌంటర్ మీద ఫోన్ మోగింది. ఎత్తాను.

నేను ఫోన్‌లో ఉండగానే డాక్టరమ్మ బయటికొచ్చి అతని ముందు నిలబడింది. "మీరే కదండీ సెలెక్ట్ చేసింది? వారం రోజులు టెస్ట్ చేశానన్నారు?" అంది. గొంతు పెంచలేదు, ఆవిడ ఎప్పుడూ పెంచదు. హాల్లో నలుగురు తల్లిదండ్రులున్నారు.

"అవును మేడం. నేనే తెచ్చిన," అన్నాడు.

"పిల్లలొచ్చే చోటు. ఇలాంటి కెమికల్స్ ఉన్నవి పెడితే ఎలా? ఇంక మీరు రావద్దు. వేరేవాళ్లని చూసుకుంటాం."

అతను నీళ్లు తోడి, ట్యాంకు తుడిచి, కొత్త నీళ్లు కలిపి, నీలం చేపని అందులో వదిలాడు. ఆ పనంతా అయ్యేదాకా నేను ఫోన్ కింద పెట్టలేదు. తేలు కుట్టిన దొంగని అనుకోండి, ఇంకేమైనా అనుకోండి. వెళ్లేటప్పుడు నా కౌంటర్ దగ్గర ఆగి నేల తుడవడానికి గుడ్డ అడిగాడు. ఇచ్చాను. తుడిచి, గుడ్డ పిండి, కిటికీ మీద ఆరేసి వెళ్లాడు.

మధ్యాహ్నం డాక్టరమ్మ చనిపోయిన చేపల ఫోటో తీసి, తన తోటి డాక్టర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఇతన్ని పెట్టుకోవద్దని రాసింది. ఆ సంగతి నాకు ఆవిడే చెప్పింది, ఏదో మంచి పని చేసినట్టు. పగడాన్ని చెత్తబుట్టలో వేసింది నేను.

ఆ రాత్రి చెప్దామనుకున్నాను. మర్నాడు చెప్దామనుకున్నాను. ఆ వారంలో ఇద్దరు పిల్లలు కుర్చీలోంచి దిగి పారిపోయారు, లిఫ్టు చెడిపోయింది, మా ఆయనకి నొప్పి ఎక్కువై మందులు మార్చారు. అలసటలో ఒక సుఖం ఉంది. ఏ పని చెయ్యకపోయినా దాని మీద వేసెయ్యొచ్చు. నాకు అసలు భయం ఉద్యోగం. ఈ వయసులో రిసెప్షన్‌లో కూర్చోబెట్టడానికి నన్నెవరు పిలుస్తారు? పాతికేళ్ల పిల్లలు ఇంగ్లీషు దంచుకుంటూ వరసలో ఉన్నారు. నేను నోరు తెరిస్తే నా ఇల్లు గడవదు, మూసుకుంటే అతనికి ఒక క్లినిక్ పోతుంది. ఒక్క క్లినిక్కే కదా అనుకున్నాను.

చలికాలం అయిపోతుండగా, ట్యాంకు చూడటానికి వచ్చే కొత్తతన్ని మాటల్లో పెట్టి అడిగాను. "ఆయనా?" అన్నాడు. "ఆయనకు గీ చుట్టుపక్కల ఐదు క్లినిక్‌లుండె. మీ దాంట్ల అట్ల అయినంక ఒక్కొక్కళ్లే బంద్ చేసిండ్రు. ఇప్పుడు చేపల పని ఇడిచిపెట్టిండు. బోయిన్‌పల్లి మార్కెట్‌ల ట్రాలీ ఆటో తోల్తుండు, టమాటలు గిట్ల ఏస్కపోతడు."

నేను రోజూ తిట్టుకుంటూ దాటే రోడ్డది.

ఆ సాయంత్రం ఆఖరి పేషెంట్ వెళ్లాక డాక్టరమ్మ గది తలుపు కొట్టాను. నిలబడే చెప్పాను. పసుపు, కుంకుమ, ట్యాంకులో దించడం, అన్నీ. ఉద్యోగం పోతే పోయిందని నిర్ణయించుకునే లోపలికి వెళ్లాను.

ఆవిడ గ్లౌజులు తీస్తూ విన్నది. "అయ్యో, అదా? అప్పుడే చెప్పొచ్చు కదండీ," అంది. చిన్నగా నవ్వింది కూడా. "మా అమ్మ కూడా అంతే, వాషింగ్ మిషన్ లోపల బొట్టు పెట్టి బట్టలన్నీ పాడుచేసింది. పోనీలెండి. రేపు తొమ్మిదిన్నర అపాయింట్‌మెంట్ పదికి మార్చారా?"

మార్చానన్నాను. "మేడమ్, అతన్ని మళ్లీ పిలుద్దామా? ఆ గ్రూపులో కూడా ఒక మాట..." అన్నాను.

"ఇప్పుడు కొత్తతను బాగానే చేస్తున్నాడు కదా. గ్రూపులో ఎప్పటిదో ఇప్పుడెందుకు," అని బ్యాగు తీసుకుంది.

అంతే. నేను ఇన్ని నెలలు దేనికి భయపడ్డానో అది అసలు లేనే లేదు. ఆ రోజు చెప్పి ఉంటే ఇదే నవ్వు నవ్వి, ఇదే మాట అనేది. మెట్లు దిగుతుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున గంట ముందు బయల్దేరి మార్కెట్ గేటు దగ్గర వెతికాను. మూడో వరసలో దొరికాడు. ట్రాలీలో టమాటా డబ్బాలు పేర్చి తాడు బిగిస్తున్నాడు. నన్ను చూసి తాడు వదిలేసి, "అక్కా, మీరిక్కడ? తబియత్ మంచిగుందా?" అన్నాడు. అదే మొదట అడిగాడు.

"ఆ పగడానికి పసుపు కుంకుమ పెట్టి ట్యాంకుల పెట్టింది నేనే అన్నా," అన్నాను.

"తెలుసక్కా. వాసన సూస్తే తెల్వదా?"

"మరి మేడమ్‌కి చెప్పొద్దా నువ్వు?"

అతను తాడు మళ్లీ అందుకుని ముడి వేశాడు. "పండగపూట భక్తితోటి చేసిండ్రు. మీ పేరు నేనెందుకు తియ్యాలె? మీరే చెప్తరని సూసిన. ట్యాంకు కడుగుడు అరగంట పని. గంటన్నర కడిగిన ఆ రోజు," అన్నాడు. నా ముఖంలో ఏం కనిపించిందో, వెంటనే, "పోనియ్యుండ్రి అక్కా. మీరేం చేస్తరు, మీకు ఫోన్ల మీద ఫోన్లు వచ్చినయి. నేను సూడలేదా," అన్నాడు.

ఆ రోజు వచ్చింది ఒకటే ఫోన్. ఎవరో తల్లి, టైము అడిగి రెండు నిమిషాల్లో పెట్టేసింది. ఆ తరవాత గంటన్నర సేపు నేను చెవికి ఆనించుకుని, అవునండీ, సరేనండీ అంటూ మాట్లాడింది అవతల ఎవరూ లేని ఫోన్‌లో.

అతను నా ముఖంలోకే చూస్తున్నాడు. వెనక లారీవాడు హారన్ కొడుతున్నాడు.

"అవునన్నా," అన్నాను. "ఆ రోజు బాగా రష్ ఉండె."